మొగిలి విన్న మాటలు

సుబేదారి, హనుమకొండ
అక్టోబరు 9

అన్నయ్యా,

ఫోన్‌లో నేను చెప్పింది నీకు సగమే వినపడింది. ఆ సగమైనా యమున వదిన ఫోను అందుకొని నీ చెవి దగ్గర గట్టిగా చెబితేనే. చెవి మిషను కొని రెండేళ్లయినా డబ్బాలోంచి తీయవు. వాట్సాప్‌లో రాద్దామంటే షాపు ఫోను అందరి చేతుల్లో తిరుగుతుంది. అందుకే ఈ ఉత్తరం. నేను హాస్టల్లో ఉన్నప్పుడు బిల్లు బుక్కు కాగితాల వెనక నువ్వు ఉత్తరాలు రాసేవాడివి. నేను వాటికి సరిగ్గా జవాబిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఇస్తున్నాననుకో.

నువ్వు పంపిన మొగిలికి ఆపరేషన్ అయింది. రాళ్లున్న పిత్తాశయం తీసేశారు. నిన్న ఇంటికి పంపించాం. ఆ రోజు మత్తు ఇవ్వవలసిన వంతు నాది కాదు. మన పురుగుమందుల షాపు మనిషని అడిగి మార్చుకున్నాను. లేవడం కొంచెం ఆలస్యమైంది, అంతకుమించి చెప్పుకోవలసిందేమీ లేదు.

ఒక సంగతి మాత్రం అడగాలి. ఆపరేషన్‌కు ముందు అందరినీ అడిగేవే అతన్నీ అడిగాను.

"ఏం పని చేస్తవు మొగిలీ?"

"షాపుల పెట్టెలు మోస్త డాక్టరమ్మా."

"పురుగుల మందు ముట్టుకుంటవా? చేన్ల కొడతవా?"

"సీసాలు పెట్టెల్ల ఉంటయి. నేను పెట్టెలే మోస్త."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. అప్పుడు పట్టించుకోలేదు. భయం తగ్గడానికి ముందుగా ఒక ఇంజక్షన్ ఇస్తాం. దానికి ఐదు నిమిషాల్లో ఎవరికైనా మాట ముద్దవుతుంది. మొగిలి మంచం మీద లేచి కూర్చుని, ఈసారి పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదని నర్సుతో ముచ్చట పెట్టాడు. రెండోసారి ఇచ్చినా అంతే.

అతను మన షాపులో ఎన్నేళ్లుగా, కచ్చితంగా ఏం పని చేస్తున్నాడో రాసి పంపు. వదినను అడిగానని చెప్పు.

సుభాషిణి

⁂

తొర్రూరు
అక్టోబరు 14

చి. సుభాషిణికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మొగిలి బాగున్నాడు. అతని భార్య సమ్మమ్మ నిన్న షాపుకు వచ్చి "డాక్టరమ్మ మంచిగ చూసుకున్నది సేటూ" అని చెప్పి పోయింది. ఆ దవాఖానలో నువ్వుండబట్టి సరిపోయింది.

నువ్వు అడిగిన దానికి: మొగిలి నా దగ్గర ఇరవై ఐదేళ్ల నుంచి ఉన్నాడు. లారీ వస్తే దించుతాడు, రైతు వస్తే బండికి ఎక్కిస్తాడు. పొద్దున షటర్ తీసేది, సాయంత్రం వేసేది కూడా అతనే. మందు కొట్టే పని అతనికి లేదు, సొంత చేను కూడా లేదు.

సాయంత్రాలు కొద్దిగా తాగుతాడని విన్నాను. తాగేవాళ్లకు మత్తు తొందరగా ఎక్కదని నువ్వే ఒకసారి చెప్పినట్టు గుర్తు. అదే అయివుంటుంది.

ఇక్కడ సీజన్ నడుస్తోంది. గులాబీరంగు పురుగు పత్తి కాయలోకి చేరింది. పొద్దున ఆరింటికే రైతులు షటర్ ముందు కూర్చుంటున్నారు. మొగిలి లేక నాకు చేయి విరిగినట్టుంది. ఎప్పటినుంచి పనికి రావచ్చో రాయి.

అన్నయ్య
సారంగపాణి

⁂

సుబేదారి
అక్టోబరు 21

అన్నయ్యా,

మొగిలి తాగడు. కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు సమ్మమ్మను విడిగా అడిగాను. "కల్లు గూడ ముట్టడు డాక్టరమ్మా, వాసన వడదు" అంది. అతని కాలేయం పరీక్షలు కూడా ఆమె మాటే నిజమంటున్నాయి.

అదే రోజు అతని రక్తం ఇంకొక పరీక్షకు పంపాను. ఫలితం వచ్చింది. నీకు అర్థమయ్యేలా రాస్తాను.

గొంతులోకి గొట్టం వేయడానికి ముందు, కండరాలను వదులు చేసే మందు ఒకటి ఇస్తాం. అది పనిచేస్తున్నంతసేపూ మనిషి వేలు కూడా కదపలేడు, సొంతంగా ఊపిరి తీయలేడు. మిషను తీస్తుంది. రక్తంలో ఉండే ఒక ఎంజైము ఆ మందును పది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. మొగిలి రక్తంలో ఆ ఎంజైము ఉండవలసిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. పుట్టుకతో అలా ఉండేవాళ్లు అరుదుగా ఉంటారు. అతనిది అది కాదనుకుంటున్నాను. ఆ ఎంజైమును దెబ్బతీసే మందులు నీ అలమారాల్లో వరసగా ఉన్నాయి, వాటి మీద ఎరుపో పసుపో గుర్తు ఉంటుంది.

నిద్రమందు సంగతి వేరు. కొన్ని పురుగుమందులు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతుంటే కాలేయం వాటిని వెళ్లగొట్టడానికి అలవాటుపడి, నిద్రమందును కూడా అదే వేగంతో వెళ్లగొడుతుంది. ఇంకొన్ని మందులు కాలేయాన్ని మందగింపజేస్తాయి. అప్పుడు కొద్దిపాటి మోతాదుకే మనిషి ఎంతకీ లేవడు. ఎవరి ఒంట్లో ఏది జరుగుతుందో మనిషిని చూసి చెప్పలేం. ఏ మందులు, ఎన్నేళ్లు, ఏ విధంగా అని అడగడం తప్ప మాకు వేరే దారి లేదు. అడిగితే నిజం చెప్పాలి.

పెట్టెలు మోస్తే ఇంత తగ్గదు. అతన్ని అప్పుడే పనిలోకి పిలవకు.

సుభాషిణి

⁂

తొర్రూరు
నవంబరు 2

సుభా,

పిలవలేదు. తనే వచ్చాడు. వచ్చాడు గాని షాపు లోపలికి రాలేదు, మెట్ల మీద కూర్చున్నాడు. గిరాకీ తగ్గాక నేనే బయటికి వెళ్లాను. సమ్మమ్మ కూడా ఉంది.

"పండుకుంటలేడు సేటూ," అంది ఆమె. "నెల కావస్తాంది. గోడకు ఒరిగి కూసుంటడు. కన్ను జర మూతపడ్డదంటే ఉలిక్కిపడి లేస్తడు. వెల్లకిల పండమంటే పానం పోయినట్టు చేస్తాండు."

ఏమైంది మొగిలీ అన్నాను. అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నా చెవి సంగతి తెలుసు గనుక దగ్గరకు జరిగి చెప్పాడు.

"నాకు మెలకువ వచ్చింది సేటూ. ఆపరేషన్ అయిపోయిందని డాక్టరు సారు అన్నది విన్న. కండ్లు తెరుద్దామంటే రెప్ప లేస్తలేదు. గొంతుల గొట్టం. చెయ్యి లేపుదామంటే చెయ్యి నాది గాదు. ఊపిరి నేను తీస్తలేను, ఎవలో నాకు తీస్తాండ్రు. సచ్చిపోయిన్ననుకున్న. సచ్చినోనికి మాటలెట్ల వినపడతయని మల్ల అనుకున్న."

ఏం వినపడ్డాయని అడిగాను.

"డాక్టరు సారు ఫోన్ల కారు సర్వీసింగ్ ముచ్చట మాట్లాడిండు, ముందర చక్రం కాడ చప్పుడొస్తాందని. ఇనుప పళ్లెం కింద వడ్డది. 'ఇంక లేస్తలేడేంది మేడం' అని నర్సమ్మ అన్నది. గప్పుడు డాక్టరమ్మ అన్నది, 'మా అన్న షాపు మనిషి, ఏమన్న అయితే అన్నకు ఏం జెప్పాలె' అని."

ఇక్కడ ఆగి నా ముఖంలోకి చూశాడు.

"నాకేమన్న అయితే సమ్మమ్మకు చెప్పాలె గని, నీకు జెప్పుడేంది సేటూ?"

కల వచ్చి ఉంటుంది మొగిలీ అన్నాను. అతను లేచి వెళ్లిపోయాడు.

కొంచెం ఆలస్యమైందని రాశావు. ఎంత ఆలస్యం?

సారంగపాణి

⁂

సుబేదారి
నవంబరు 6

అన్నయ్యా,

కల కాదు. కారు సంగతి నిజం, పళ్లెం పడ్డది నిజం. ఆ మాట నేను అన్నది కూడా నిజమే.

ఎంత ఆలస్యమని అడిగావు. ఆపరేషన్ పన్నెండు గంటల పది నిమిషాలకు ముగిసింది. నిద్రలో ఉంచే గ్యాసు ఆపేశాను. మొగిలి సొంతంగా ఊపిరి తీసుకున్నది మధ్యాహ్నం రెండు దాటాక. అందులో మొదటి నలభై నిమిషాలూ అతను మేలుకునే ఉన్నాడు. నిద్రమందు అందరికంటే తొందరగా దిగిపోయింది. కండరాలను వదులు చేసే మందు మాత్రం దిగలేదు. కదలడం లేదు గనుక ఇంకా నిద్రలోనే ఉన్నాడనుకున్నాను.

నాడి నూట ముప్పైకి పోయింది, బీపీ పెరిగింది. నొప్పి వల్ల అనుకొని నొప్పి మందు ఇచ్చాను. కళ్లు ఎండిపోకుండా రెప్పల మీద ప్లాస్టర్ అంటిస్తాం. అది సర్దబోతుంటే కుడికన్ను చివర నీళ్లు కనిపించాయి. చెంప మీదుగా చెవిలోకి కారాయి. అప్పుడు అర్థమైంది. వెంటనే మళ్లీ నిద్రమందు ఇచ్చి, ఊపిరి వచ్చేదాకా నిద్రలోనే ఉంచాను.

అంటే అతను లేచేసరికే నాకు తెలుసు. "ఏమన్నా గుర్తుందా?" అని అడగాలి. అలా అడగాలని జూనియర్లకు నేనే చెబుతాను. అడగలేదు. ఉందంటాడేమోనని అడగలేదు. కేసు షీటులో మత్తు వల్ల ఇబ్బందులేమీ లేవని రాసి సంతకం పెట్టాను. నీకు కొంచెం ఆలస్యమైందని రాశాను.

ఆ షీటు ఇంకా అలాగే ఉంది. దిద్దితే ఏమవుతుందో తెలుసు. దిద్దకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రోజూ రికార్డు గది దాకా వెళ్లి తిరిగొస్తున్నాను.

నేను దాచింది రాశాను. నువ్వు దాచింది కూడా రాయి.

సుభాషిణి

⁂

తొర్రూరు
నవంబరు 13

సుభా,

ఉత్తరం అందింది. షాపులో తీరిక లేదు. వ్యవసాయ శాఖ వాళ్లు ఈ వారం మండలంలో షాపులు తనిఖీ చేస్తున్నారు. తర్వాత రాస్తాను. వదిన నిన్ను అడిగింది.

సారంగపాణి

⁂

సుబేదారి
నవంబరు 24, మధ్యాహ్నం

అన్నయ్యా,

ఈ ఉత్తరం సమ్మమ్మ తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. పోస్టులో వేయకు, అంత సమయం లేదు.

పొద్దున మొగిలిని తీసుకొచ్చారు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, చలిజ్వరం. ఒక రాయి కాలేయం నుంచి వచ్చే గొట్టంలో ఉండిపోయింది. ఇలా అప్పుడప్పుడు జరుగుతుంది, అందులో ఎవరి తప్పూ లేదు. నోటిగుండా కెమెరా గొట్టం పంపి దాన్ని తీయాలి. రెండు మూడు రోజులకంటే ఆగితే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. దానికి అతన్ని నిద్రపుచ్చాలి.

ఆ మాట వినగానే మంచం దిగాడు. సెలైన్ సూది పీకేసుకున్నాడు. "నన్ను మల్ల పండబెట్టొద్దు. గిట్లనే సస్త గని ఆడికి రాను" అన్నాడు. సమ్మమ్మ కాళ్లు పట్టుకుంది. సర్జన్ గద్దించాడు. వినలేదు.

అందరినీ బయటికి పంపి, అతని పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ రోజు జరిగింది మొదటినుంచి చెప్పాను. మెలకువ నిజమే అన్నాను. కన్నీళ్లు చూశానన్నాను. అడగకుండా దాచానన్నాను.

"ఇన్నొద్దులు నాకు పిచ్చి లేచిందనుకున్న," అన్నాడు. "సమ్మమ్మ గూడ గట్లనే అనుకున్నది. సేటు కల అన్నడు." తర్వాత అతనే అన్నాడు: "నేను గూడ నీకు అబద్ధం జెప్పిన డాక్టరమ్మా. పెట్టెలు మోస్తనని. గట్ల చెప్పుమన్నరు."

ఎవరు చెప్పమన్నారని నేను అడగలేదు. అతనూ పేరు చెప్పలేదు. నీ పరువు నా ముందు కాపాడుతున్నాడు అన్నయ్యా. జ్వరంతో వణుకుతూ కాపాడుతున్నాడు.

రికార్డు గదికి వెళ్లి, పాతది కొట్టేయకుండా దాని కిందే ఈ రోజు తేదీ వేసి జరిగింది రాశాను. మేనేజ్‌మెంటుకు చెప్పాను. విచారణ అయ్యేదాకా మత్తు ఇవ్వవద్దన్నారు. మొగిలికి ఎల్లుండి మత్తు ఇచ్చేది నా సీనియర్. ఏ మందులు, ఎన్నేళ్లు, చివరిసారి ఎప్పుడు అని ఆయన నన్ను అడుగుతున్నారు. మొగిలికి సీసాల రంగులు తెలుసు, పేర్లు తెలియవు. పేర్లు నీకు తెలుసు.

నా కాగితం దిద్దాను. నీ కాగితం పంపు.

సుభాషిణి

⁂

తొర్రూరు
నవంబరు 24, రాత్రి

డాక్టర్ గారికి,

ఇది మీరు కేసు షీటులో పెట్టుకోవచ్చు. అందుకే చెల్లెలికి రాసినట్టు కాకుండా రాస్తున్నాను.

మొగిలి 1998 నుంచి నా దగ్గర పనిచేస్తున్నాడు. నా షాపు వెనక ఒక గది ఉంది. ఆరడుగుల వెడల్పు, కిటికీ లేదు. పెద్ద డబ్బాల్లో వచ్చిన మందును చిన్న సీసాల్లోకి మార్చే పని ఆ గదిలో జరుగుతుంది. చిన్న రైతు లీటరు కొనలేడు. ఆ పనికి నా లైసెన్సులో అనుమతి లేదు. ఆ పని చేసింది మొగిలి. జూలై నుంచి డిసెంబరు దాకా దాదాపు ప్రతిరోజూ, మూడు నాలుగు గంటలు. గరాటు పెట్టి పోస్తాడు, ఒట్టి చేతులతో మూత బిగిస్తాడు. చేతులకు కవర్లు తొడుక్కోమని నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు.

మందులు: నిషేధం వచ్చేదాకా ఎండోసల్ఫాన్. ఆ తర్వాత కూడా ఒక సీజన్, మిగిలిన సరుకు. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ మొదటినుంచీ ఉన్నాయి. పదిహేనేళ్లుగా ప్రొఫెనోఫాస్, సైపర్మెత్రిన్, ఆ రెండూ కలిసినది కూడా. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు దాకా పోశాడు. ఆ రోజు ప్రొఫెనోఫాస్ డబ్బా ఒలికి అతని లుంగీ తడిసింది. అదే లుంగీతో సాయంత్రం దాకా ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత గదిలోకి రాలేదు.

డాక్టర్ అడిగితే పెట్టెలు మోస్తానని చెప్పమన్నది నేనే. తాగుతాడని రాసింది కూడా నేనే, అతను తాగడు.

సంతకం
సారంగపాణి

సుభా, ఇది నీకు. నీ ఉత్తరం వచ్చినప్పుడు పక్కనే వదిన ఉంది. గట్టిగా చదవమన్నాను, చదివింది. చదివాక "ఇంకా ఏం చూస్తున్నరు, రాయున్రి" అంది. నేను రాస్తున్నంతసేపూ పక్కన నిలబడే ఉంది. ఒక మందు పేరు మరచిపోతే ఆమే గుర్తుచేసింది.

⁂

సుబేదారి
డిసెంబరు 3

అన్నయ్యా,

మొగిలి బాగున్నాడు. రాయి వచ్చేసింది. కామెర్లు దిగుతున్నాయి.

నీ కాగితాన్ని మా సీనియర్ రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టారు. రక్తం మళ్లీ పరీక్షిస్తే ఎంజైము సగానికి పైగా వచ్చింది. ఏడు వారాలు ఆ గదికి దూరంగా ఉన్నాడు గనుక పెరిగింది. అయినా ఆ వదులు చేసే మందు జోలికి పోలేదు. నిద్రమందు మాత్రమే, కొద్దికొద్దిగా. మెదడు ఎంత మేలుకుని ఉందో చూపించే పట్టీ నుదుటి మీద అంటించారు. మా దవాఖానలో లేకపోతే ఇంకొక చోటి నుంచి తెప్పించారు.

మొగిలి రెండు షరతులు పెట్టాడు. "మందు ఎవలన్న ఇయ్యున్రి, గని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని కూసోవాలె" అన్నది ఒకటి. "ఆడ ఎవ్వలు ముచ్చట్లు పెట్టొద్దు" అన్నది రెండోది. నన్ను మత్తు ఇవ్వవద్దన్నారు గదా. పేషెంటు తరఫు మనిషిగా కూర్చోనిచ్చారు. మెలకువ వస్తే నా వేలు నొక్కమన్నాను. ఈసారి నీ చెయ్యి నీదే ఉంటుంది, కదులుతుంది అన్నాను. తల ఊపాడు.

మామూలు మోతాదుకు నిద్రపోలేదు. దానికి దాదాపు రెండింతలు పట్టింది. మధ్యలో ఒకసారి తెర మీద అంకె పెరిగింది. అతని వేలు నా వేలి మీద కదిలిందో, నాకే అనిపించిందో తెలియదు. నేను తల ఎత్తేలోపే సీనియర్ ఇంకొంచెం మందు ఇచ్చారు. అంకె దిగింది. ఇరవై ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

లేచాక అడిగాను. "ఏమన్న వినపడ్డదా మొగిలీ?"

"ఏం లేదు డాక్టరమ్మా. ఏం లేకుండె." ఆ మాట నాలుగైదుసార్లు అన్నాడు. సాయంత్రం వెల్లకిల పడుకుని నిద్రపోయాడు. సమ్మమ్మ నన్ను వార్డుకు పిలిచి చూపించింది.

డిశ్చార్జి రోజు మేనేజ్‌మెంటు వాళ్లు అతనితో మాట్లాడదామని పిలిచారు. క్షమించమన్నారు. ఏం కావాలో చెప్పమన్నారు. నేనూ ఉన్నాను.

"నా కాయితంల నిజం రాసి ఇయ్యున్రి," అన్నాడు. "నాకేమైందో, నా ఒంట్ల ఏముందో. రేపు నేను ఇంకో దవాఖానకు పోత. ఆడ అడిగినప్పుడు నాకు పేర్లు చెప్పరాదు. కాయితం చూపిస్త."

రాసి ఇచ్చాం. ఒక వైపు మా రిపోర్టు, ఇంకో వైపు నువ్వు రాసిన మందుల పేర్లు, ఏళ్లు. ప్లాస్టిక్ అతికించి తెమ్మని సమ్మమ్మ తమ్ముడిని అప్పుడే పంపాడు.

నా విచారణ పదిహేనో తేదీన. ఆరు నెలలు ఆపుతారని అంటున్నారు. నీ కాగితం ఫైల్లో ఉంది గనుక అది వ్యవసాయ శాఖ దాకా పోవచ్చు. నేను ఆపలేను. ఆపే స్థితి ఉన్నా ఆపను.

సుభాషిణి

⁂

తొర్రూరు
జనవరి 28

సుభా,

వ్యవసాయ శాఖ వాళ్లు వచ్చేదాకా ఆగలేదు. డిసెంబరు చివర నేనే వెళ్లి చెప్పాను. మూడు నెలలు లైసెన్సు ఆపారు. వెనక గది గోడ పడగొట్టించాను. నేల మీద గచ్చు మరకలు పట్టి ఉంది, ఎంత కడిగినా వాసన పోలేదు. వదిన దాన్ని కూడా తవ్వించింది.

మొగిలి బస్టాండు ఎదురుగా సమ్మమ్మ తమ్ముడి టిఫిన్ బండి దగ్గర ఉంటున్నాడు. ఆ దారిన పోతే నమస్తే సేటూ అంటాడు. నేను నిలబడితే పనిలో పడతాడు. షాపుకు రాలేదు, రమ్మని నేనూ అనలేదు.

చెవి మిషను పెట్టుకుంటున్నాను. కారణం ఇది: మొగిలి ఒక్కడే కాదు సుభా, ఆ గదిలో అతనికంటే ముందు, అతనితో పాటు ఇద్దరు చేశారు. వాళ్ల దగ్గరికి పోవాలనుకున్నాను. వాళ్లు చెప్పేది సరిగ్గా వినాలి గదా. మొగిలి కాగితం చూసి అలాంటివే రెండు రాసుకున్నాను.

లక్ష్మీనారాయణ వర్ధన్నపేటలో ఉంటున్నాడు. ఆటో నడుపుతాడు. కాగితం చదువుకుని, మడిచి, ఆటో అద్దం వెనక పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా సేటూ" అన్నాడు. అంతే.

రెండో మనిషి రామలింగం. పదకొండేళ్లు చేసి మానేశాడు. వర్ధన్నపేట దాటాక లోపలి ఊరు. ఇల్లు అడుక్కుంటూ పోతే అతని భార్య పూలమ్మ వాకిట్లో పత్తి ఆరబెడుతోంది. రామలింగం ఉన్నాడా అంటే చేతిలో పని ఆపింది.

"ఆయన పోయి రెండేండ్లాయె సేటూ. కాలు ఇరిగితే పట్నం దవాఖానకు తీస్కపోయినం. కాలుకే ఆపరేషన్. మత్తు సూది ఇచ్చిన్రు. ఇగ లేవలే అన్నరు. గుండె ఆగిందన్నరు. కాలు ఇరిగితే గుండెకేమైతది? ఎవలను అడగాలె?"

కాగితం జేబులోనే ఉంది. తీయలేదు. మంచినీళ్లు ఇచ్చింది, తాగి వచ్చేశాను.

నీకు రాసి అడుగుదామనుకున్నాను, చెప్పాలా వద్దా అని. నువ్వేమంటావో నాకు తెలుసు. అదే కారణమని ఎవరూ చెప్పలేరు, మానేసి చాలా ఏళ్లయింది, గుండె జబ్బే ఉండి ఉండొచ్చు. అవన్నీ అంటావు. అన్నాక, అయినా చెప్పమంటావు. అందుకని ఉత్తరం రాయకుండా నాలుగో రోజు మళ్లీ పోయాను.

చెప్పాను. గది సంగతి, డబ్బాల సంగతి, మొగిలికి జరిగింది, నేను అతనితో చెప్పించిన అబద్ధం. రామలింగానికి అందుకే అయిందో లేదో తెలియదని కూడా చెప్పాను. అతన్ని ఆ రోజు డాక్టర్లు అడిగి ఉంటారు, ఏం పని చేస్తావని. ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు. నా దగ్గర చేసిన వాళ్లందరికీ ఒకటే మాట నేర్పాను.

పూలమ్మ అరవలేదు, ఏడవలేదు. నేను అరుస్తుందనే పోయాను. పత్తిలోంచి ఎండుటాకులు ఏరుతూ కూర్చుంది. చివరికి అంది:

"ఆయన బట్టలు పదకొండేండ్లు నేనే పిండిన సేటూ. ఒట్టి చేతులతోని. ఆ నీళ్ల దగ్గరికి కోళ్లు గూడ రాకపోయేటియి. ఇప్పుడు గూడ మందు కొట్టిన చేన్లల్ల పత్తి ఏరవోతాన. వచ్చే నెల నాకు గర్భసంచి ఆపరేషన్ అన్నరు."

నాకు వెంటనే అర్థం కాలేదు. మిషను సరిగ్గా ఉందో లేదోనని చెవి తడుముకున్నాను.

"నా పేరు మీద గూడ ఒక కాయితం రాయి," అంది.

అరుగు మీద కూర్చుని రాశాను. రామలింగం పేరున్న కాగితం వెనక కాదు, కొత్త కాగితం మీద. వయసు అడిగితే తెలియదని లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చింది. నలభై ఏడు. ఏ మందులు, ఎన్నేళ్లు, ఎలా తగిలాయి, అన్నీ రాసి కింద నా పేరు, షాపు పేరు, ఫోను నంబరు వేశాను. ఆపరేషన్ ఎక్కడైనా సరే, ముందు నీకు చూపించమని చెప్పాను. సోమవారం వస్తుంది. నువ్వు మత్తు ఇవ్వకపోయినా చూడగలవు గదా.

కాగితం చేతికిస్తే తీసుకోలేదు. తనకు చదువు రాదంది.

"చదువు," అంది.

చదివాను.

"మల్ల ఒకసారి చదువు సేటూ. నేను చెప్పుకోవాలె గదా."

మళ్లీ చదివాను. ఈసారి ఒక్కొక్క మందు పేరు నా వెంట తనూ పలికింది.

అన్నయ్య
సారంగపాణి